తెరమీది పొందిక ఎవరి సొత్తు?

2022 ఏప్రిల్‌లో శ్రీ సత్యసాయి జిల్లాలో చేరిన తాడిమర్రి, అనంతపురము జిల్లాలో నున్న కాలమునుండియు వేరుశెనగ చేలకును, వాన ముఖము చాటువేయు ఏండ్లకును పేరుపడిన సీమలోనిదే గాని, సంగీతపు సాఫ్ట్‌వేరుకు పేరుపడినది కాదు. ఐనను భజన లేని ఊరు ఆ సీమలో అరుదు. శ్రీరామనవమికి చెక్కభజన అడుగు పడని వీధియు అరుదే. ఆ భజనలను రికార్డు చేసి ఫోనులలో పంచుకొనుటయు నేడు పరిపాటి యైనది. అట్టి చిన్న రికార్డింగు గది నొకదానిని నడుపు హార్మోనిస్టునకును, బెంగుళూరులో సంగీతపు సాఫ్ట్‌వేరునకు విండోల పొందికను రూపొందించు పనిలోనున్న అతని మేనల్లునికిని ఆ యూరిలో జరిగినట్లుగా ఈ సంవాదమును కల్పించితిని. మామ మొండివాడు, అల్లుడు మాటకారి. నాకు మామవైపే కొంత మొగ్గు కలదని పాఠకులు కనిపెట్టినచో కాదనజాలను.

అల్లుడు: మామయ్యా, ఇంతసేపటినుండి చూచుచున్నాను, మీరు ఒక విండోను ప్రక్క కీడ్చుటయు, దాని క్రింద దాగిన మరియొకదానిని పైకి తెచ్చుటయు, అంతలో మిక్సరు కనబడక మెనూలన్నియు గాలించుటయు చేసితిరే గాని, పాటను ఒక్కసారియైనను మొదటినుండి తుదివరకు వినలేదు. మేము తలపెట్టిన పని ఈ యవస్థను తొలగించుటకే. ఏ విండో ఎచ్చట నుండవలయునో, ఎంత చోటు తీసికొనవలయునో వాడుకొనువాడే నిర్ణయించుకొని, ఆ పొందిక కొక పేరుపెట్టి దాచుకొని, కావలసినప్పుడు ఒక్క మీటతో పిలుచుకొనును.

మామ: నా యవస్థ ఆ సౌకర్యము లేక వచ్చినది కాదు నాయనా, ఉండుటచేతనే వచ్చినది. ఈ కంప్యూటరు ముందు కూర్చుండువారము ముగ్గురము: నేను, తబలా వాయించు మీ చిన్నమామ, సెలవులకు వచ్చి పాటలకు మెరుగులు దిద్దెదనను వాని కొడుకు. వాడు రాత్రి ఏమి చేయునో తెలియదు గాని, తెల్లవారి నేను వచ్చి చూచునప్పటికి మిక్సరు ఒక మూలకు నక్కి యుండును, ట్రాకులన్నియు పేరు చదువరానంత సన్నగిల్లి యుండును. నా హార్మోనియముపై షడ్జమము నేడొకచోట, రేపొకచోట నుండదు. కన్ను మూసికొన్నను వ్రేలు అచ్చటికే పోవును. వాద్యము నేర్చుట యన్నది చేతికి నేర్పుటయే గదా. చేతికి నేర్పిన పిమ్మట చోటు మార్చుట వాయించువానికి చేయు ద్రోహము.

అల్లుడు: హార్మోనియము మాట మీరే తెచ్చితిరి గనుక అడుగుచున్నాను, మీ యెదుట నున్నది స్కేల్ ఛేంజరు గదా? గాయకుడు రెండు శ్రుతి యన్నను, నాలుగు శ్రుతి యన్నను, మీరు మెట్లపలకను ప్రక్కకు జరిపి బిగించి, వ్రేళ్ళ నడకను మార్చకయే వాయించుచున్నారు. లోపలి రీడ్లు కదలవు, మీ యభ్యాసమును కదలదు, నడుమనున్న పలక మాత్రమే కదలును. చేతికి నేర్పినది చెడకుండుటకే వాద్యము తన్ను తాను సర్దుకొనుచున్నది. మేము కోరునదియు నింతకంటె వేరు కాదు.

మామ: జరుపుదును, కాదనను. కాని పాట మొదలు కాకముందు జరుపుదును. పాట నడుమ పలక దానంతట నది జరిగెనా, భజన గుంపు నన్నా క్షణమే లేపివేయును. అంతేకాక, పలక జరిగినను మెట్ల వరుస మారదు; నల్లమెట్టు తెల్లమెట్ల నడుమ ఉండవలసినచోటనే యుండును. మీ సాఫ్ట్‌వేరులో వరుసయే మారుచున్నది.

అల్లుడు: ఈ రెండు షరతులను నేను వ్రాసికొనుచున్నాను. పని నడుమ కదలరాదు. కదలినను లోవరుస చెడరాదు. ఐనను ఒకే వరుస అందరికి సరిపోవునని మీరు తలచుట మాత్రము చరిత్రకు నిలువదు. 1989లో జర్మనీలోని స్టైన్‌బెర్గ్ వారు అటారీ కంప్యూటరుపై క్యూబేసును విడుదల చేసి, కాలము ఎడమనుండి కుడికి పారునట్లును, వాద్యములు ఒకదాని క్రింద నొకటి వరుసగా నిలుచునట్లును తెరను చిత్రించినప్పుడు, నేటి సంగీతపు సాఫ్ట్‌వేరులలో పెక్కింటికి ముఖవైఖరి ఏర్పడినది. 1991లో వచ్చిన ప్రో టూల్స్ ఆ ముఖమునకు రెండు కన్నులు పెట్టినది. ఎడిట్ విండో యొకటి, మిక్స్ విండో యొకటి. పాత స్టూడియోలో టేపును కత్తిరించు బల్ల యొకచోట, మీటలు పైకి క్రిందికి జరుపు కన్సోలు మరియొకచోట నుండెడివి గదా, ఆ గదుల విభాగమే తెరమీదికి దిగివచ్చినది. 1997లో బెల్జియమునుండి వచ్చిన ఫ్రూటీలూప్స్, నేటి ఎఫ్‌ఎల్ స్టూడియో, విండోలన్నిటిని విడివిడిగా తేలనిచ్చి, ఎఫ్5 మీటకు ప్లేలిస్టును, ఎఫ్7కు పియానో రోలును, ఎఫ్9కు మిక్సరును కట్టివేసినది. బెర్లినునుండి 2001లో వచ్చిన ఏబిల్టన్ లైవ్ మాత్రము, కచ్చేరి వేదికపై విండోలు వెదకుకొను తీరిక ఎవనికి నుండదని తలచి, సమస్తమును ఒకే విండోలో బిగించి, ట్యాబ్ మీట నొక్కగనే రెండు దృశ్యములు మారునట్లు చేసినది.

మామ: ఆ బెర్లినువారే నాకు సరిపడినవారు. ఒకటే విండో, రెండే దృశ్యములు, ఒకటే మీట. ఇంతకంటె మనుష్యున కేమి కావలయును?

అల్లుడు: రెండు తెరలు కావలసివచ్చినవి. తొమ్మిదవ సంస్కరణమునకు వచ్చునప్పటికి వారును రెండవ విండోను తెరవనీయక తప్పలేదు. ఎవరి బల్లపై ఎన్ని తెరలుండునో, ఏ తెర ఎంత వెడల్పో చేసినవానికి తెలియనప్పుడు, ఒకే పొందికను శిలాశాసనముగా చెక్కుట యెట్లు?

మామ: నా బల్లపై తెర యొకటే, ఈ ల్యాప్‌టాపుది. దాని నిలువు ఎంతయో నీవే చెప్పితివి గదా.

అల్లుడు: 768 చుక్కలు. అందులో క్రింది టాస్కుబారు, పై మెనూ, టూలుబారు, ప్లే–రికార్డు మీటల పట్టీ తమ భాగము తీసికొనగా మిగిలినదానిలో ట్రాకులు, మిక్సరు రెండును ఉండవలయుననుచున్నారు. ఇది అందమునకు సంబంధించిన మాట కాదు మామయ్యా, చెవికి సంబంధించినది. మిక్సరు పొట్టిదైనకొలది అందులో ధ్వనిని హెచ్చించి తగ్గించు ఫేడరును పొట్టిదగును. ఫేడరు నూరు చుక్కల పొడవు మాత్రమే యుండి, అరువది డెసిబెళ్ళను దానిపై సమముగా పంచినచో, మౌసు ఒక్క చుక్క కదలినను ధ్వని 0.6 డెసిబెలు మారును. అంతకంటె చిన్న మార్పు చేయవలెనన్న వేరే మీటలు నొక్కుకొనవలసినదే. అదే ఫేడరు మూడువందల చుక్కల పొడవుండెనా, తాళముల మ్రోతను కోరస్ క్రిందికి వెండ్రుకవాసి దించుట మౌసుతోనే సాధ్యమగును. మిక్సింగు చేయునప్పుడు ట్రాకులు ముడుచుకొని మిక్సరు తెరనిండుగా నిలువవలయుననుట అందుకే.

మామ: ఇది యుక్తముగానే యున్నది. మిక్సింగు వేళ మిక్సరు పెద్దది, ఎడిటింగు వేళ ట్రాకులు పెద్దవి. ఇంతవరకు నీతో వచ్చెదను. కాని అందుకు రెండు పొందికలు చాలును. వాటిని మీరే చేసి యిండు, నాచేత చేయింపకుడు. కొత్త పొందికలు చేసికొనెడి సావకాశము నాకు కలదని ఎవరు చెప్పిరి? ఒకదానిపై నొకటి పడు విండోలు మేలా, పలకలుగా ప్రక్కప్రక్కన పరచినవి మేలా యని మీ శాస్త్రజ్ఞు లెవ్వరును తేల్చలేదా?

అల్లుడు: తేల్చజూచిరి. 1986లో శారా బ్లై, జారెట్ రోజెన్‌బర్గ్ అను ఇరువురు ఈ రెండు పద్ధతులను పక్కపక్కన నిలిపి పరీక్షించిరి. చూడవలసిన విషయము పలకలో ఇమిడినప్పుడు పరచిన పద్ధతిలో పని వేగముగా సాగినది. ఇమడనప్పుడు మీదమీద పడు విండోలు మేలైనవి, అదియు విండోలను కదలించుటలో చేయి తిరిగినవారికే. సంగీతపు సాఫ్ట్‌వేరు దురదృష్టమేమనగా, అందులో రెండు జాతులును ఉన్నవి. ట్రాకులు, మిక్సరు, స్వరముల పట్టిక పలకలలో ఇముడును, ప్లగిన్లు ఇమడవు.

మామ: ప్లగిన్లు! నా పగవారు! స్పేసుబారు నొక్కినచో పాట మ్రోగవలయునా లేదా? మ్రోగదు. ఏలయన మీటలను వినుచున్నది పాట కాదు, పైన తేలుచున్న రివర్బు విండో. డిలీటు మీట ఇంకను ప్రమాదకరమైనది. ఒక విండోలో నున్నప్పుడు స్వర మొకటి పోవును, మరియొక విండోలో నున్నప్పుడు ట్రాకు ట్రాకే పోవును. ఎందులో ఉన్నానో తెరను చూచి చెప్పుము చూతము!

అల్లుడు: చెప్పలేను, చెప్పలేకపోవుట మా తప్పిదమే. మీటలు ఏ విండో వినుచున్నదో దాని అంచు స్ఫుటముగా వెలుగవలయును. ప్లే, ఆపు, రికార్డు అను మూడు మీటలు ఏ విండోకును చెందక, ఎచ్చట నొక్కినను పాటకే పోవలయును. ప్లగిన్ల మాట కొంత వేరు. 1996లో స్టైన్‌బెర్గ్ వారు వీఎస్‌టీ అను ఒడంబడికను ప్రకటించిన నాటినుండి, ఒకరు చేసిన సాఫ్ట్‌వేరులో వేరొకరు చేసిన రివర్బువంటిది వచ్చి కూర్చుండుటకు వీలైనది. కాని దాని ముఖమును ఆ వేరొకరే గీయుదురు. దాని పొడవు వెడల్పులు వారి యిష్టము. ఇంటివాడను నేనే ఐనను, వచ్చిన అతిథి ఎంత మంచము తెచ్చుకొనునో నేను చెప్పజాలను. కనుకనే ప్లగిన్లను పలకలలో బంధింపక, తెరలో వానికొక నియతమైన చోటు కేటాయించి, ఒకటి తెరచినప్పుడు వెనుకటిది మూసికొనునట్లు చేయుటయే మంచిదని నా మతము.

మామ: నా మతమును అదే, అయినను నీవు చెప్పుచున్న వన్నియు చేసినవాడు బిగింపవలసిన కట్టుబాట్లే గాని, వాడుకొనువాని కిచ్చు స్వేచ్ఛలు కావు. నీవు నా పక్షమునే వాదించుచున్నావు.

అల్లుడు: ఇంకొక సంగతి చెప్పిన పిమ్మట ఎవరి పక్షమో చూతము. 1991లో ప్రకటించిన పరిశోధనలో వెండీ మెకే అను పరిశోధకురాలు, అమెరికాలోని ఎంఐటీలో సాఫ్ట్‌వేరును తమకు తగినట్లు మార్చుకొనువారు ఎప్పుడు మార్చుకొందురు, ఎందుకు మార్చుకొందురని 51 మందిని నాలుగు నెలలు పరిశీలించి తెలిసికొన్న దేమనగా, జనులు ఉత్సాహముతో కొత్త పొందికలు కల్పించుకొనుట తక్కువ. సాఫ్ట్‌వేరు మారినప్పుడు దానిని వెనుకటివలెనే ప్రవర్తింపజేయుటకు మార్చుకొనుట ఎక్కువ. తోటివారు చేసికొన్న అమరిక ఫైళ్ళను అడిగి తీసికొని, లోపలి మర్మము తెలియకయే వాడుకొనుటయు సాధారణమే. చూచితిరా మామయ్యా, మార్చుకొను సౌకర్యమును ఎక్కువగా కోరువాడు చపలచిత్తుడు కాడు; మీవంటి మార్పు నొల్లనివాడే. 2007లో ఆపిల్ వారు లాజిక్ అను తమ సంగీతపు సాఫ్ట్‌వేరును ఎనిమిదవ సంస్కరణముగా తెచ్చినప్పుడు విడివిడి విండోలన్నిటిని ఒక్క పెద్ద విండోలో చేర్చిరి. 2010లో కేక్‌వాక్ వారు సోనార్ ముఖమునంతయు మార్చిరి. ఆ నాడు మీ చేతికి నేర్పినదానిని కాపాడువా రెవ్వరు? చేసినవాడు కాదు, చేసినవాడే గదా మార్చినది! వెనుకటి పొందికను తిరిగి కట్టుకొను అధికారము మీకుండినచో మాత్రమే మీ షడ్జమము ఉన్నచోట నుండును.

మామ: ...ఇది నేను తలపోయనిది. అనగా నాకు కావలసిన స్థిరత్వము నీవు అమ్మజూచుచున్న చంచలత్వములోనే దొరకుననుచున్నావు.

అల్లుడు: అమ్మజూచుట కాదు, ఇయ్యజూచుట యన్నచో చాలదా?

మామ: అట్లే. ఒప్పుకొందును, పొందిక నాదై యుండవలయును, చేసినవానిది కాదు. కాని ఇప్పుడే అసలు చిక్కు మొదలగుచున్నది. నాది యన్నప్పుడు, అది నాతో నుండునా, ఈ యంత్రముతో నుండునా, పాటతో పోవునా? మొన్న హైదరాబాదునుండి ఒక భజన సెషన్ వచ్చినది. పంపినవాని బల్లపై రెండు తెరలున్నవట. ఇచ్చట తెరచినంతనే సగము విండోలు కనబడవు! ఉన్నవి అని మెనూ చెప్పుచున్నది, తెరపై లేవు. లేని రెండవ తెరమీద అవి తెరచికొని కూర్చున్నవని నీ చిన్నమామ కొడుకు వచ్చి చెప్పువరకు నాకు తోచలేదు.

అల్లుడు: ఈ ప్రశ్నకు ప్రపంచములో ఒక్క సమాధానము లేదు. లాజిక్‌లో స్క్రీన్‌సెట్లు అను పేరుతో 90 పొందికలవరకు దాచుకొనవచ్చును, ఒక్కొక్కదానిని కదలకుండ తాళము వేసికొనవచ్చును. కాని అవి పాటతో కూడ దాచబడును, పాట ఎచ్చటికి పోయినను అవియు అచ్చటికే. రీపర్‌లో విండోల పొందికను సాఫ్ట్‌వేరు తన అమరికలలో నుంచుకొనును. పాట మారినను అది మారదు. క్యూబేసువారు రెండును ఒప్పుకొని, పాట పొందికలు వేరుగను, అన్నిటికి వర్తించు పొందికలు వేరుగను పెట్టిరి. బిట్‌విగ్ వారు తెరలెన్ని యున్నవను లెక్కనుబట్టి కొన్ని ముఖములు ముందే సిద్ధము చేసిరి. నా తలపు నడిగినచో, పొందికలో మూడు పాళ్ళున్నవి. తెరలెన్ని, వాని కొలత యెంత యన్నది యంత్రమునకు చెందును. ఏది ఎడమ, ఏది కుడి, ఏ మీటకు ఏది తెరచుకొనవలయు నన్నది మనుష్యునికి చెందును. ఏ ట్రాకులు ముడుచుకొని యున్నవి, ఏవి కలిపి గుంపు కట్టితిమి, ఏది దాచితిమి యన్నది పాటకు చెందును. ఈ మూటిని ఒకే మూటలో కట్టి పాటకు తగిలించుటచేతనే హైదరాబాదువాని రెండవ తెర తాడిమర్రికి వచ్చినది.

మామ: మూట విప్పితివి, బాగున్నది. విప్పినదానిని యంత్రమున కెట్లు చెప్పుదువు?

అల్లుడు: విండో మూల ఇన్నవ చుక్కవద్ద నున్నదని వ్రాసి దాచుటయే మొదటి తప్పు, చుక్కల లెక్క పరాయి తెరపై అబద్ధమగును. దానికి మారుగా, తెర మొదట పైక్రిందులుగా రెండైనది, పైభాగము మూడింట రెండు పాళ్ళు, క్రిందిభాగము ఒక పాలు, ఆ క్రిందిది మరల ఎడమకుడులుగా చీలినది అని విభజన క్రమమును, నిష్పత్తులను దాచవలయును. ప్రతి పలకకు ఇంతకంటె కుంచించుకొనరాదను కనిష్ఠ కొలత నొకటి చెప్పవలయును. చోటు చాలనప్పుడు ఏది ముందు ముడుచుకొనవలయునో ఆ వరుసయు చెప్పవలయును. తేలు విండోలను తెరచుటకుముందు అవి కూర్చుండదలచిన తెర నిజముగా నున్నదా యని చూచి, లేనిచో ఉన్న తెరలోనికి ఈడ్చుకొని రావలయును. మనుష్యుని పాలును సామాన్యమైన పాఠపు ఫైలుగా వ్రాసినచో, మెకే చూచినవారివలె ఒకరినుండి ఒకరు తీసికొనవచ్చును. అది పాడైనప్పుడు చూచి సరిదిద్దవచ్చును.

మామ: ఇంతవరకు మిక్సరు, ట్రాకులు అనుచున్నావు, నేను రికార్డు చేయునప్పుడు వాటిలో ఏదియు చూడనని నీకు తెలియునా? ఈ గదిలో నన్ను రికార్డు చేయుటకు వేరొకడు లేడు. మైకు ఆ మూలనున్నది, హార్మోనియము మైకు ముందున్నది, తెర యిచ్చట నున్నది. ఎడమచేయి తిత్తిపైన, కుడిచేయి మెట్లపైన. అంత దూరమునుండి నాకు కావలసినవి మూడే: రికార్డగుచున్నదా లేదా యను ఎఱ్ఱగుర్తు, ఎన్నవ ఆవర్తనములో నున్నానో అంకె, మైకు ధ్వని పగులుచున్నదా యను మీటరు. ఆ మూడును తెరపై చిన్న అక్షరములలో మూడు మూలల నున్నవి. భజన పాడువాడు చరణమెత్తుకొనువేళ నేను కన్నులు చికిలించుకొనుచుందును.

అల్లుడు: పెద్ద గడియారమువంటి విండో పెక్కు సాఫ్ట్‌వేరులలో ఉన్నదే మామయ్యా, ప్రో టూల్స్‌లో బిగ్ కౌంటరు, రీపర్‌లో బిగ్ క్లాకు. గడియారము, మీటరు, ఎఱ్ఱగుర్తు తెరనిండ నిలిచి తక్కినవన్నియు దాగునట్లు రికార్డు పొందిక యొకటి చేసి, మీకొక మీట నిత్తును.

మామ: ఎవరి వ్రేలితో నొక్కుదును? రెండు చేతులును వాద్యముపై నున్నవంటిని.

అల్లుడు: కాలితో నొక్కు పెడలు కలదు.

మామ: బాసిపట్లు వేసికొని కూర్చున్నవానికి కాలు మాత్రమెక్కడ ఖాళీ?

అల్లుడు: ఐనచో ఒక్కటే దారి. మీరు లేచిపోకముందు ఎట్లును రికార్డు మీట నొక్కుదురు గదా. ఆ నొక్కుతోనే రికార్డు పొందిక దానంతట నది రావలయును, ఆపినంతనే వెనుకటిది తిరిగి రావలయును. కాని మీరు పిలువక ఏదియు కదలరాదని ముందే షరతు పెట్టితిరి.

మామ: పెట్టితిని. ...ఈ యొక్కదానికి సడలించెదను. రికార్డు నొక్కుట నేనే పిలుచుట యనుకొందము. మరి దేనికిని సడలింపను. పాట మ్రోగించినంతమాత్రమున గాని, ట్రాకును ముట్టినంతమాత్రమున గాని విండోలు గంతులు వేయరాదు. ఇంకొక చిన్న మాట. నేను ట్రాకుల పేర్లు తెలుగులో వ్రాయుదును. ఇచ్చట చూడుము, "డప్పు" అని వ్రాసితిని, ట్రాకు ఎత్తు తగ్గించినంతనే అడుగున నున్న పకార వత్తు తెగిపోయి "డపు" అయినది. "చెక్క" "చెక" అయినది. మృదంగమునకు వట్రసుడి పోయినది.

అల్లుడు: ఇది చిన్న మాట కాదు. ట్రాకుల ఎత్తును రోమను లిపి కొలతతో నిర్ణయించినవారు, అక్షరమునకు క్రింద నొక అంతస్తు, పైన గుడి దీర్ఘముల అంతస్తు ఉండు లిపులను తలచుకొనలేదు. పలకకు కనిష్ఠ కొలత యుండవలయునని యిందాక నేనన్నది చుక్కలలో గాక, వాడుచున్న లిపి ఎత్తులో లెక్కపెట్టవలయునని చేర్చుకొందును. చోటు చాలనప్పుడు పేరును కోయుటకంటె దాచి, రంగును మాత్రము చూపుట మేలు. కోసిన పేరు వేరు వాద్యమగును.

మామ: ఇప్పుడు నీ మూడు పాళ్ళ సంగతికి మరల వత్తము. మనుష్యుని పాలు మనుష్యునికంటివి. యంత్రమునకు మనుష్యు డెవడో ఎట్లు తెలియును?

అల్లుడు: కంప్యూటరులోనికి వచ్చునప్పుడు ఎవరి పేరుతో వచ్చిరో...

మామ: ముగ్గురమును ఒకే పేరుతో వత్తుము. ఒకే పాస్‌వర్డు, అదియు కాగితముపై వ్రాసి గోడకు అంటించియున్నది. ఈ సీమలో ఏ చిన్న గదికి పోయి చూచినను ఇంతే. మీ బెంగుళూరులో ఒక్కొక్కని కొక్కొక్క ల్యాప్‌టాపు గనుక మీకు మనుష్యుడు, యంత్రము ఒకటిగా తోచును. ఇచ్చట యంత్రమొకటి, మనుష్యులు ముగ్గురు, తెర ముందు ఎవ్వడు కూర్చుండునో అది ఆ దినపు వీలునుబట్టి.

అల్లుడు: నిజమే, నా లెక్కలో ఇది లేదు. అట్లైనచో పేరు యంత్రము నడుగక మీరే చెప్పుకొనవలయును. పైపట్టీలో మూడు గుర్తులు: మామ, చిన్నమామ, అబ్బాయి. కూర్చున్నవాడు తన గుర్తును నొక్కును, తన పొందిక వచ్చును.

మామ: ఇది నాకు నచ్చినది. మూడు గుర్తులు చాలును; నాలుగవదానికి చోటు పెట్టకుము, పెట్టినచో వాడు పది చేయును. ఇక ఒక్క సంగతి తేలవలయును. అబ్బాయి నా గుర్తు నొక్కియుండగా మరచిపోయి నా మిక్సరు నీడ్చినచో?

అల్లుడు: ఎవరీడ్చినను, మూసి తెరచునప్పుడు కడపట నున్నట్లే యుండుట వాడుకలోనున్న మర్యాద. విండోను జరిపిన వానికి, మరునాడు అది జరిపినచోటనే యుండుట న్యాయముగా తోచును గదా.

మామ: అబ్బాయికి తోచును. నాకు తోచదు. నిలుపుమని చెప్పినదానినే నిలుపవలయును. చెప్పనిది మూయగానే పోవలయును.

అల్లుడు: పోయినచో, ఒక దినమంతయు కూర్చుండి తెరను తీర్చుకొని నిలుపుమని చెప్పుట మరచినవాడు మమ్ము తిట్టును.

మామ: తిట్టనిమ్ము. అతడు తన శ్రమ పోయెనని తిట్టును, ఎందుకు పోయెనో అతనికి తెలియును. నేను తిట్టునప్పుడు ఎవరు ఈడ్చిరో నాకు తెలియదు. విండోను ఈడ్చినది సంగీతములో భాగము కాదు గనుక, వెనుకకు మరలించు మీట నొక్కినను అది వెనుకకు రాదు. ఆ సంగతి నీకు తెలియును.

అల్లుడు: తెలియును. స్వరములను మరలించు మీటతో విండోలను కలుపుట ప్రమాదము. విండోలకు వేరుగా నొక మరలింపు పెట్టవచ్చును. దానిని పెట్టినచో మీరు కోరిన చెరపు అక్కరలేదేమో.

మామ: రెండును పెట్టుము. కొత్తగా తెరచిన ప్రతివానికిని మొదట నాది వర్తించునట్లు పెట్టుము, అక్కరలేనివాడు తీసివేసికొనును.

అల్లుడు: మొదట వర్తించునది ఏదియో అదియే పెక్కుమందికి తుదివరకు వర్తించును మామయ్యా, కనుకనే మా కార్యాలయములో దీనిపై పెద్ద కలహము జరుగును. తేలు విండోలను తెరలోనికి ఈడ్చుకొని వచ్చుట, లిపినిబట్టి ట్రాకు ఎత్తు, రికార్డు నొక్కగనే వచ్చు పెద్ద గడియారము, ఈ మూడింటిని నేను ఒప్పించగలను. మీ చెరపును మాత్రము ఇట్టి గదులలో వాడుటకని వేరొక అమరికగా పెట్టి, మొదట తీసివేసియే ఉంచుదురేమో.

మామ: అది ఏ మెనూలో ఎన్నవ వరుసలో ఉండునో ముందే వ్రాసి పంపుము, నీ చిన్నమామ కొడుకు సెలవులు ముగిసి పోకముందే వానిచేత పెట్టించుకొందును.